ముళ్ళకంప దాటిన జీపు

జనగామ మార్కెట్ యార్డులో ఉత్త దామోదర్ అంటే ఎవరూ గుర్తుపట్టరు. జీపు దామోదర్ అంటే మాత్రం పసిపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. పత్తి కాంటాల దగ్గర ఇరవై ఏళ్ళు సూపర్‌వైజరుగా నిలబడి నిలబడి, నలభై నాలుగో ఏట ఆయన పోయి పోయి ఒక పాత జీపు కొన్నాడు. దానికి గజరాజు అని పేరు కూడా పెట్టాడు. భార్య కమల మాత్రం దాన్ని 'ఇనుప సామాను' అనే పిలుస్తుంది.

గజరాజు వచ్చి నాలుగు నెలలైంది. ఈ నాలుగు నెలల్లో అది తనంతట తాను ఇల్లు చేరిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఒకసారి కూరగాయల వాళ్ళు తోశారు. ఒకసారి బస్టాండు ముందర కాలేజీ పిల్లలు తోశారు. మొన్నటికి మొన్న ఒక పెళ్ళి ఊరేగింపు వాళ్ళు డప్పులు కొట్టుకుంటూ ఇంటిదాకా తోసుకొచ్చారు. పెళ్ళికొడుకు కూడా ఒక చెయ్యి వేశాడు.

ఆ సాయంత్రమే కమల తీర్పు చెప్పేసింది.

"ఇగ చాలు. యాడ కొన్నవో ఆడ్నే వాపస్ ఇచ్చి రా."

"ఎందుకే? అది అంగడికి పోయే బండి కాదు, గుట్టలెక్కే బండి. ఏనుగును తెచ్చి కూరగాయల సందుల కట్టేస్తే అదేం చేస్తది?"

"ఏనుగైతే కనీసం నడుస్తది."

దామోదర్‌కి రోషం పొడుచుకొచ్చింది. ఉన్నమాట చెప్పాలంటే ఆ జీపు మీద ఆయనకున్నది సరదా కాదు, ఆశ. ఇంట్లో ఏం వండాలో, పిల్లల్ని ఏ బడిలో వెయ్యాలో, గోడలకు ఏ రంగు కొట్టాలో ఎవరూ ఆయన్ని అడగరు. అన్నీ కమలే చూసుకుంటుంది. మంచిగానే చూసుకుంటుంది, అదే ఆయన బాధ. పన్నెండేళ్ళ రిషిత, ఎనిమిదేళ్ళ మహేశ్ జీవితంలో ఒక్కసారైనా 'మా డాడీ చేసిండు' అని నలుగురికీ చెప్పుకోవాలని ఆయన కడుపులో మహా కోరిక.

"అయితే పందెం," అన్నాడు. "ఘనపూర్ అవతల బోడగుట్ట ఉన్నది. దాని మీద పచ్చటి బయలు. శనివారం పోయి గుడారం ఏస్కొని, ఐతారం వాపస్ వద్దాం. ఏమంటవ్?"

"బయటోల్ల చెయ్యి ఒక్కటి దాని మీద పడకుండ పోయొస్తే, జన్మల దాని పేరెత్త. పడ్డదా, సోమవారం పొద్దున వాపస్."

"మంజూర్! మరి నాదొక షరతు. ఈ రెండు దినాలు నువ్వు నాకు ఒక్క సలహా చెప్పద్దు. గిట్ల కాదు, గట్ల చెయ్యి అనద్దు. ఐతారం పొద్దుగూకే దాంక నోరు ఇప్పద్దు. ఎవలు షరతు తప్పితే వాళ్ళు ఓడినట్టు."

"నువ్వు అడిగినా చెప్పద్దా?"

"అడిగినా చెప్పద్దు!"

"సరె. జర యాదుంచుకో," అని కమల లోపలికి పోయింది. ఇంత సులువుగా ఒప్పుకోవడం ఆమె వంశంలోనే లేదు. అది దామోదర్‌కి అప్పుడు తట్టలేదు.

ఎందుకంటే ఆయన తన తెలివికి తానే మురిసిపోయే పనిలో ఉన్నాడు. మర్నాడు యార్డులో పత్తి బస్తాల వెనక్కి పోయి జైసింగ్‌కి ఫోను కలిపాడు. జైసింగ్‌ది బోడగుట్ట కింది ఎర్రచెలక. ఏటా యార్డుకి పత్తి తెస్తాడు, మంచివాడు, బలమైనవాడు.

"జైసింగ్, శనివారం పైన బండల మాటున ఉండు. నేను ఈల ఏస్త, రెండు పొట్టియి, ఒకటి పొడుగుది. మేడంను పిల్లలను పక్కకు పంపిస్త. నువ్వు దబ్బున వచ్చి, బండిని ఒక్క నూకుడు నూకి మాయమైపోవాలె."

"సరె సార్," అన్నాడు జైసింగ్.

శుక్రవారం సాయంత్రం అదే జైసింగ్ మూడుసార్లు ఫోను చేశాడు. కమల పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు తుంపుతోంది. దామోదర్ మూడుసార్లూ కట్ చేసి, 'ఏదో కంపెనీ వాళ్ళు' అన్నాడు. ఆయన కొంప మునిగింది అక్కడే.

శనివారం పొద్దున బయలుదేరారు. హనుమకొండ దాటారు, ములుగు దారి పట్టారు, ఘనపూర్ దగ్గర డాంబరు రోడ్డు వదిలారు. శ్రావణ మాసం, ఆకాశం నిండా మబ్బు. గజరాజు ఎక్కడా ఆగలేదు. దామోదర్ కాళ్ళ పక్కన పెద్ద గేరు రాడ్డు, దాని పక్కన చిన్న రాడ్డు ఇంకొకటి ఉన్నాయి. ఆ చిన్నదానికి తన టోపీ తగిలించుకుని, ఈలపాట పాడుకుంటూ నడిపాడు.

పదకొండు గంటలకు ఎర్రచెలక పొలిమేర వచ్చింది. దారికి అడ్డంగా పెద్ద ముళ్ళకంప వేసి ఉంది. దాని మీదుగా వేపమండల తోరణం, పక్కన పసుపు పూసిన చిన్న కుండ.

దామోదర్ దిగి కంపను పక్కకు లాగాడు.

"అయ్యో, ఏమయ్యా, గది..." అంది కమల.

దామోదర్ వేలెత్తాడు. "షరతు!"

కమల నోరు మూసుకుంది. తర్వాత పిల్లలిద్దరి చేతులూ పట్టుకుని జీపు దిగేసింది. "మాకు కడుపుల తిప్పుతున్నది. మేం గట్టు మీదికెళ్ళి నడిచి ఊరి అవతలికి వస్తం. నువ్వు బండి తీస్కరా," అంటూ పొలం గట్టున పడి పోయింది. మంచిదే, బరువు తగ్గింది అనుకున్నాడు దామోదర్.

ఊళ్ళోకి పోయాక ఆయనకి మొదట ఏమీ అనిపించలేదు. పది ఇళ్ళు దాటాక ఏదో తక్కువైందని తోచింది. ఇంకో పది ఇళ్ళు దాటాక ఆ తక్కువైంది మనుషులని తెలిసింది.

ఒక్కరు లేరు. ప్రతి ఇంటికీ తాళం. అరుగుల మీద ముసలివాళ్ళు లేరు, బోరింగు దగ్గర ఆడవాళ్ళు లేరు. కుక్క లేదు, కోడి లేదు, కొట్టాల్లో గొడ్డు లేదు. ఒక వాకిట్లో దండెం మీద తడిచీర ఆరేసి ఉంది. దాని అంచు ఇంకా తడి ఆరలేదు. అంటే పొద్దున మనుషులు ఉన్నారు. ఇప్పుడు లేరు.

దామోదర్ హారన్ కొట్టాడు. గుట్ట దాకా పోయి ఆ చప్పుడు ఒంటరిగా తిరిగొచ్చింది. ఏదో తాళం వేసిన ఇంట్లో గోడగడియారం గంటలు కొట్టడం మొదలుపెట్టింది. అన్ని గంటలూ ఆయన లెక్కపెట్టాడు, ఎందుకో ఆయనకే తెలియదు.

జైసింగ్‌కి ఫోను కలిపాడు. చెవిలో రింగవుతోంది. అదే సమయంలో పక్కనున్న తాళం ఇంట్లోంచి చంటిపిల్ల కిలకిలా నవ్వింది.

దామోదర్ ఫోను కట్ చేశాడు. నవ్వు ఆగిపోయింది. మళ్ళీ కలిపాడు. మళ్ళీ నవ్వు.

అది జైసింగ్ ఫోను రింగుటోను అని అర్థం కావడానికి ఆయనకు కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక భయం తగ్గాల్సింది, రెండింతలైంది. ఫోను లోపల ఉంది, తాళం బయట ఉంది, మరి మనిషేడీ? ఊరంతా ఏమైంది? దామోదర్ గేరు మార్చడం కూడా మరిచి, మొదటి గేరులోనే గోలగోలగా ఊరు దాటేశాడు.

అవతల గట్టు మీద కమల, పిల్లలు నిలబడి ఉన్నారు.

"డాడీ, ఊర్ల ఎవలన్న ఉన్నరా?" అని అడిగింది రిషిత.

"ఉన్నరు, ఉన్నరు. అందరు మంచిగున్నరు," అన్నాడు దామోదర్. కమల ఆయన్ని ఎగాదిగా చూసి, పిల్లల్ని తీసుకుని వెనక సీట్లో కాస్త దూరంగా కూర్చుంది.

బోడగుట్ట పైన బయలు నిజంగానే అందంగా ఉంది. మోకాలెత్తు గడ్డి, నల్లటి బండలు, చుట్టూ అడవి. ఆ అందం మధ్యలోకి పోగానే గజరాజు ముందు చక్రాలు మెత్తటి నేలలోకి జానెడు దిగబడిపోయాయి.

"దిగబడ్డదా డాడీ?" అన్నాడు మహేశ్.

"నేనే ఆపిన. గిదే మంచి తావు," అన్నాడు దామోదర్.

గుడారం వెయ్యడానికి రెండు గంటలు పట్టింది. వేశాక నాలుగు కర్రలు మిగిలాయి. అవి ఎక్కడివో ఎంత చూసినా తెలియలేదు. కమల ఆ కర్రల వంక, గుడారం వంక చూసి, పెదవులు బిగించి, పిల్లలకు అటుకులు పెట్టింది.

మూడు గంటలకు మబ్బు దిగింది. ఆకాశంలో ఉండాల్సిన మబ్బు నేల మీద పాకుతూ వచ్చి మొదట అడవిని మింగింది, తర్వాత బండల్ని మింగింది. పది అడుగుల అవతల ఏముందో కనబడడం లేదు. గాలి ఆగిపోయింది.

అప్పుడు వాసన వచ్చింది. కోడికూర వాసన. మసాలా దట్టించి, కట్టెల పొయ్యి మీద ఉడుకుతున్న కోడికూర.

"మమ్మీ, ఆకలైతుంది," అన్నాడు మహేశ్.

మనిషి జాడ లేని గుట్ట మీద కోడికూర ఎవరు వండుతారు? కాసేపటికి మబ్బులోంచి గుసగుసలు వినబడ్డాయి. ఒకరిద్దరివి కాదు, వందల మంది మెల్లగా మాట్లాడుకుంటున్నట్టు. ఎక్కడో డప్పు మీద ఒక్క దెబ్బ పడింది. మళ్ళీ నిశ్శబ్దం.

తెల్లటి మబ్బులోంచి ఒక నల్లకోడి నడుచుకుంటూ వచ్చింది. దాని తల మీద కుంకుమ, కాళ్ళకు పసుపు. అది నేరుగా దామోదర్ ముందుకొచ్చి, మెడ వంచి ఆయన్ని ఒక కంటితో చూసి, గుడారంలోకి పోయి ఆయన దుప్పటి మీద కూర్చుంది.

ఇక లాభం లేదనుకున్నాడు. జైసింగ్ ఉన్నా సరే, లేకున్నా సరే, జీపు బయటపడాలి, ఇక్కడినుంచి పోవాలి. "మీరు జర అటు పోయి పూలు చూసి రాండ్రి," అని కమలని, పిల్లల్ని పంపాడు. నాలుగడుగులకే మబ్బు వాళ్ళని దాచేసింది.

దామోదర్ ఈల వేశాడు. రెండు పొట్టివి, ఒకటి పొడుగుది.

ఏమీ లేదు. తర్వాత మబ్బులోంచి జవాబొచ్చింది. రెండు పొట్టివి, ఒకటి పొడుగుది.

ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆ వెంటనే తాళం వేసిన ఇంట్లో నవ్విన ఫోను గుర్తొచ్చింది. ఇంకోసారి ఈల వేశాడు. ఈసారి జవాబు ముందు నుంచి వచ్చింది, వెనక నుంచి కూడా వచ్చింది. ఆఖరున పైనున్న బండల మీద నుంచి మూడోది వచ్చింది.

"కమలా!" అని పొలికేక పెట్టాడు.

"ఏంది? ఈడ్నే ఉన్న గద," అంది కమల, ఆయన పక్కనుంచే.

"ఏమన్న చెప్పవే. ఊర్ల ఒక్క పురుగు లేదు. ఈడనేమో ఈలలు, కోడి, కూర వాసన! గిదంత ఏందే? నన్నేం చెయ్యమంటవ్?"

"షరతు తీసేస్తున్నవా? తీస్తే ఓడినట్టే. మంచిగ సోంచాయించి చెప్పు."

దామోదర్ జీపు వైపు చూశాడు. మబ్బు వైపు చూశాడు. ప్రాణమా, గజరాజా అన్నట్టుంది ఆయన పరిస్థితి. "తియ్య," అన్నాడు ఏడుపు గొంతుతో. కమలకి ఒక్క క్షణం జాలి కలిగిందని తర్వాత తనే చెప్పింది. ఒక్క క్షణమే.

అప్పుడు మబ్బు చీల్చుకుని ఒక ఆకారం వచ్చింది. ఒంటి మీద తెల్లటి తువ్వాల, ముఖం నిండా పసుపు, నుదుట కుంకుమ.

"సార్... ఈల మీరేనా?"

దామోదర్ ఒక్క గెంతులో జీపులో పడ్డాడు. ఇంజను స్టార్ట్ చేసి యాక్సిలరేటరు తొక్కాడు. చక్రాలు గిర్రున తిరిగాయి. గజరాజు ఒక్క అంగుళం ముందుకు పోలేదు కానీ రెండు మూరలు కిందికి పోయింది. ఎగిరిన బురద అంతా గుడారం మీద పడింది. గుడారం నిట్టూర్చినట్టు కుప్పకూలింది. దాని కిందినుంచి నల్లకోడి అరుచుకుంటూ బయటికొచ్చింది.

"గదిగో మా కోడి!" అంది ఆకారం. "నేను సార్, జైసింగ్‌ను."

గాలి కొద్దిగా కదిలి మబ్బు పలచబడింది. వంద గజాల అవతల, ఇంతసేపూ పెద్ద బండలు అడ్డమై కనబడని చోట, ఎర్రచెలక ఊరంతా ఉంది. బండ బండకీ ఒక పొయ్యి, పొయ్యి పొయ్యికీ ఒక కుటుంబం. గొడ్లు, మేకలు, కుక్కలు, బుట్టల కింద కోళ్ళు. అందరూ బండల మీదికి ఎక్కి జీపు వైపే చూస్తున్నారు.

"ఊరికి కీడు సోకింది సార్," అన్నాడు జైసింగ్. "నెల దినాలల్ల ఏడు గొడ్లు పోయినయి. గందుకని పెద్దమనుషులు కీడు వంటలు పెట్టిండ్రు. పొద్దుపొడవక ముందే ఊరు ఖాళీ జేసి గుట్టెక్కినం. పొద్దుగూకినంకనే దిగాలె. నిన్న మూడు సార్లు ఫోన్ చేస్తి, కట్ చేస్తిరి. ఇయ్యాల చూస్తే ఫోన్ చార్జింగ్‌ల మర్చిపోయిన, మళ్ళ ఊర్ల అడుగు పెట్టద్దాయె."

"మరి మూడు ఈలలేంది?"

"మా ఊరి పోరగాళ్ళు దస్రు, టీక్యా గూడ ఏసిండ్రు సార్. మంచిగున్నదని."

ఇంతలో కట్టె ఊతంగా పట్టుకుని ఊరి పెద్దవ్వ వీరమ్మ వచ్చింది. "ఏ దారిన వచ్చినవ్ బిడ్డా?" అని అడిగింది.

"ఊర్లకెళ్ళే వచ్చిన అవ్వా."

"ముళ్ళకంప?"

"పక్కకు గుంజిన."

వెనకున్న జనమంతా ఒక్కసారిగా నాలుగడుగులు వెనక్కి వేశారు. పొయ్యిల దగ్గర గరిటెలు ఆగిపోయాయి.

"కట్టేసిన ఊర్ల కంప తీసి తిరిగితివి. ఊర్ల ఉన్న కీడంత నీ ఎంబడి వచ్చింది గద బిడ్డా," అంది వీరమ్మ. తర్వాత ఆమె ముఖం మెల్లగా వెలిగింది. "మంచి పని చేసినవ్. మాకు పీడ ఒదిలింది."

జనం ఊపిరి పీల్చుకున్నారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. రుక్కి అనే ఆమె కమల దగ్గరికొచ్చింది. "అక్కా, నువ్వు గూడ ఊర్లకెళ్ళే వచ్చినవా?"

"లేదు చెల్లె. మా పుట్టినూరు తరిగొప్పులల నా చిన్నప్పుడు నాలుగు సార్లు పోయినం కీడు వంటలకు. కంప చూడంగనే తెల్సింది. పిల్లలను తీస్కొని గట్టు మీదికెళ్ళి వచ్చిన."

"మరి మీ ఆయనకు చెప్పకపోతివి?"

"చెప్పద్దన్నడు."

గుట్టంతా నవ్వింది. దామోదర్‌కి భూమి చీలి తనని మింగితే బాగుండుననిపించింది. జీపుని సగం ఎలాగూ మింగింది కదా. తెగించి, "జైసింగ్, జర ఒక్క నూకుడు..." అన్నాడు.

"ముట్టను సార్!" జైసింగ్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "మొన్న మీరు ఫోన్ల చెప్పిన మాటకు సరె అన్నది నిజమే. ఈల ఏస్తే మేడంకు తెల్వకుండ వచ్చి నూకి పోతనంటి. ఇప్పుడు కీడున్న బండిని ఎట్ల ముడుత?"

కమల తల మెల్లగా దామోదర్ వైపు తిరిగింది.

"ఓహో," అంది. అంతే అంది. ఆ ఒక్క మాట ముందు దామోదర్ ఊళ్ళో పడ్డ భయమంతా చిన్నదైపోయింది.

"డాడీ, నువ్వు ఔటైపోయేటోనివి. వాళ్ళు ముట్టకపోవట్టికి బతికినవ్," అంది రిషిత.

కమల ఒక్క సలహా చెప్పలేదు. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, జీపు దగ్గరికి నడిచి, దామోదర్‌ని దిగమని చేత్తో సైగ చేసింది. మిగిలిపోయిన నాలుగు గుడారం కర్రల్ని తెచ్చి చక్రాల ముందు పరిచింది. సీట్లో కూర్చుని, చిన్న రాడ్డుకి తగిలించిన టోపీ తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆ రాడ్డుని పట్టుకుని గట్టిగా కిందికి లాగింది. టక్ మని ఏదో అతుక్కున్న చప్పుడైంది.

గజరాజు నాలుగు చక్రాలూ ఒక్కసారి తిరిగాయి. బండి బురదలోంచి హాయిగా లేచి గట్టి నేల మీదికొచ్చి నిలబడింది.

"గా రాడ్డు గందుకా?" అన్నాడు దామోదర్.

కొన్నరోజు మెకానిక్ నాలుగు చక్రాలనూ ఒక్కసారి తిప్పే ఆ రాడ్డు గురించి అరగంట చెప్పాడు. అప్పుడు దామోదర్ జీపు ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నాడు. విన్నది పుట్టింట్లో ట్రాక్టరు నడిపిన కమల.

అందరూ కోడికూరతో అన్నం తిన్నారు. దామోదర్‌కి కూడా పెట్టారు, కొంచెం ఎడంగా. తింటున్నంతసేపూ కమల, వీరమ్మ తలలు దగ్గర పెట్టుకుని ఏవో మాట్లాడుకున్నారు. పొద్దుగూకే వేళకు వీరమ్మ లేచి గట్టిగా చెప్పింది.

"కంప తీసినోడు వేపమండ పట్టుకొని బండి ముంగట నడిచి, ఊరు ముట్టకుండ పొలిమేర దాటాలె. కంప గుంజిన చెయ్యి ఐదు నెలలు ఆ బండి చక్రం పట్టద్దు. గట్లయితేనే కీడు ఊడిపోతది."

ఆ విధంగా దామోదర్ వేపమండ పట్టుకుని, తన జీపుకి తానే ముందు నడిచి గుట్ట దిగాడు. వెనక కమల నడుపుతోంది. దానికి దూరంగా డప్పులతో ఎర్రచెలక ఊరంతా సాగనంపింది. "సల్లగుండు బిడ్డా, మళ్ళ రాకు!" అని వీరమ్మ దీవించింది.

పొలిమేర దాటాక ఆయన్ని వెనక సీట్లో ఎక్కించుకున్నారు. సిగ్నల్ రాగానే మహేశ్ తరిగొప్పుల అమ్మమ్మకి ఫోను చేశాడు.

"అమ్మమ్మా, ఊరి కీడంత మా డాడీ ఒక్కడే మోసిండు! ఊరోల్లంత చప్పట్లు కొట్టిండ్రు!"

దామోదర్ టోపీ సరిచేసుకున్నాడు. ఛాతీ ఒక అంగుళం పొంగింది. ఏది ఏమైనా పందెం ఓడలేదు, బయటోళ్ళ చెయ్యి పడలేదు, గజరాజు ఇంట్లోనే ఉంటుంది. అంతలో వీరమ్మ చెవి దగ్గర కమల నోరు గుర్తొచ్చి, పొంగిన అంగుళం మళ్ళీ దిగిపోయింది.

"కమలా, గా ఐదు నెలల ముచ్చట... ఒట్టేసి చెప్పు, అది నిజంగ ఆచారమేనా? మీ తరిగొప్పులల గూడ గట్లనే ఉన్నదా?"

కమల అద్దంలో ఆయన్ని చూసి, గేరు మార్చింది.

"నన్నడగకు. ఐతారం పొద్దుగూకే దాంక నేను నోరు ఇప్పద్దు గద."